సింహాల బస్సులో కిటికీ పక్క సీటు

గుంటూరుకి జూ లేదు, బెజవాడకీ లేదు. ఎనభైల్లో, తొంభైల్లో ఈ రెండు ఊళ్ల పిల్లలు మొదటిసారి సింహాన్ని చూసింది చాలావరకు సర్కస్ డేరాలోనే. రింగ్ మాస్టర్ కొరడా చప్పుడుకి స్టూలెక్కి కూర్చునే సింహం అది. దాని ఇష్టానికి అది నడవడం, చెట్టు నీడన వెల్లకిలా పడుకోవడం, లేచి ఒళ్లు విరుచుకోవడం చూడాలంటే ఊరు దాటి వెళ్లాల్సిందే. బెజవాడ నుంచి హైదరాబాదు 275 కిలోమీటర్లు, విశాఖపట్నం 350, తిరుపతి ఇంకాస్త ఎక్కువ. మూడు దిక్కులా మూడు జూలు, నడుమ మనం.

అందుకని జూ కోసమే బయల్దేరిన కుటుంబం ఆ రోజుల్లో అరుదు. హైదరాబాదు వెళ్తే ఏ పెళ్లికో, ఇంటర్వ్యూకో, ఆసుపత్రికో. విశాఖ వెళ్తే సింహాచలం అప్పన్న దర్శనానికి. తిరుపతి వెళ్తే పిల్లాడి పుట్టువెంట్రుకలకి. పెళ్లి భోజనాలయ్యాకో, గుండు చేయించి చందనం రాశాకో ఏ మామయ్యో అనేవాడు: "పనిలో పనిగా పిల్లలకి జూ కూడా చూపించేద్దాం." పిల్లలకి మాత్రం అసలు పని అదే, మిగతాదంతా దానికోసం ఓర్చుకునేది.

ఇలా పనిలో పనిగా వెళ్లడం వల్ల జూకి దక్కేది ఒక్క పూట. ఆ పూట సింహాలు పొదల్లో దూరి పడుకుంటే మళ్లీ ఆ అవకాశం ఎన్నాళ్లకో. అందుకే మన పెద్దవాళ్లు టైము దగ్గర అంత పట్టుగా ఉండేవాళ్లు. సఫారీలో, అంటే బస్సులో కూర్చుని విడిగా తిరిగే సింహాల మధ్యకి వెళ్లినప్పుడు, అవి బాగా కనబడటం అదృష్టం అనుకుంటారు చాలామంది. కానీ అందులో ముప్పాతిక వంతు ఏ నెలలో వెళ్లాం, ఎన్నింటి బస్సు ఎక్కాం అన్నదే. ఆ లెక్క తెలిసిన కుటుంబాలు సింహాన్ని చూసి వచ్చేవి, తెలియనివి చెట్లని చూసి వచ్చేవి.

సఫారీ అనగానే ముందు గుర్తొచ్చేది హైదరాబాదే. నెహ్రూ జూలాజికల్ పార్కుని 1963 అక్టోబరు 6న జనానికి తెరిచారు. బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. మనుషులు బండిలో మూసుకుని కూర్చుంటే జంతువులు బయట తిరిగే ఈ పద్ధతి ఆఫ్రికా బయట మొదలైంది 1966లో, ఇంగ్లండులోని లాంగ్లీట్‌లో. ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు, డెబ్బైల్లోనే మన హైదరాబాదు జూలో సింహాల సఫారీ వచ్చేసింది. గోదావరి ఎక్స్‌ప్రెస్సో గౌతమో ఎక్కితే బెజవాడ వాళ్లు, నడికుడి మీదుగా వెళ్లే నారాయణాద్రి ఎక్కితే గుంటూరు వాళ్లు పొద్దున్నే సికింద్రాబాదులో దిగేవాళ్లు. స్టేషన్ వెయిటింగ్ రూములో పళ్లు తోముకుని, స్నానాలు చేసి, ఇడ్లీలు తిని సెవెన్ జెడ్ బస్సెక్కితే నేరుగా జూపార్కు గేటు దగ్గర దింపేది. వెంటనే బంధువుల ఇంటికి వెళ్లకూడదన్నది ఇందులో ముఖ్యమైన నియమం. వెళ్తే కాఫీలు, టిఫిన్లు, కుశల ప్రశ్నలు అయ్యేసరికి పదకొండు. అప్పటికి సింహాలు నిద్రలో ఉంటాయి.

విశాఖ జూ సంగతి వేరు. ఇందిరాగాంధీ జూలాజికల్ పార్కు 1977 మే 19న తెరుచుకుంది. కంబాలకొండ అడవిలో 625 ఎకరాలు, మూడు వైపులా తూర్పు కనుమల కొండలు, నాలుగో వైపు సముద్రం. అక్కడ బండికి వేరే టిక్కెట్టు కొనుక్కుంటే సొంత కారునే లోపలికి తీసుకెళ్లనిచ్చేవాళ్లు. సింహాల మధ్యకి కాదు. జింకల దగ్గర, అడవిదున్నల దగ్గర, నీటి ఏనుగు మడుగు దగ్గర ఆపుకుంటూ, దిగి చూసి మళ్లీ ఎక్కుతూ కొండల మధ్య తారురోడ్డు మీద సాగిపోవడమే. నడవలేని నాయనమ్మకి అంతకంటే మంచి జూ లేదు. ఆవిడ ముందు సీట్లో కూర్చునే మొత్తం చూసేది.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఈ మూడింటిలో చిన్నది వయసులో, పెద్దది విస్తీర్ణంలో. 1987 సెప్టెంబరు 29న మొదలైంది. శేషాచలం కొండల కింద 5,532 ఎకరాలు. మన పురాణాల్లో కనబడే జంతువుల చుట్టూ అల్లిన జూ కాబట్టి తాతయ్యలకి అక్కడ చెప్పడానికి చాలా ఉండేది. సింహాల సఫారీ అక్కడా ఉంది. చిక్కల్లా ఘాట్ రోడ్డుతోనే. కడుపు నిండా తిని కొండ దిగితే ఆ మలుపులకి సగం మంది పిల్లలు కిటికీలోంచి తలలు బయటపెట్టేవాళ్లు. జూ గేటు దగ్గరికొచ్చేసరికి వాళ్లలో ఓపిక ఉండేది కాదు. కొండ మీద ఒకటో రెండో ఇడ్లీలు మాత్రమే పెట్టి, చేతిలో నిమ్మకాయ పెట్టి, కింద అలిపిరి దాటాక అరగంట నీడన కూర్చోబెట్టి, అప్పుడు మజ్జిగ తాగించి తీసుకెళ్లడమే దీనికి విరుగుడు.

ఇక ఏ రోజు వెళ్లాలన్నది. హైదరాబాదు, విశాఖ జూలకి సోమవారం సెలవు. ఇది తెలియక ఆదివారం పెళ్లి చూసుకుని సోమవారం జూ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిన కుటుంబాలు ఎన్నో. 1992 నుంచి అయితే వారానికి ఒక రోజు మూసి తీరాలన్నది జూల నిబంధనల్లోనే ఉంది, జంతువులకీ ఒక రోజు జనం గోల లేకుండా ఉండాలని. సంక్రాంతి సెలవుల్లో ఇంకో చిక్కు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి మనవాళ్లు ముక్కనుమ నాడు బయల్దేరేవాళ్లు. అది ఒక రకంగా మంచిదే, ఎందుకంటే కనుమ నాడు ఆ ఊరి జనమంతా జూలోనే ఉంటారు, సఫారీ కౌంటరు ముందు వరస గంటన్నరకి తక్కువ ఉండదు. వేసవి సెలవులు దొరికేవి కదా అని మే నెలలో వెళ్లడం మాత్రం దండగ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో సింహం పొద్దున తొమ్మిదికే పొద కిందకి చేరి సాయంత్రం దాకా కదలదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలైన కాలం. చలికి రాత్రంతా ముడుచుకున్న సింహాలు పొద్దున్నే ఎండ కోసం బయలు ప్రదేశానికి వచ్చి, బండ మీదో మట్టి దిబ్బ మీదో పడుకుంటాయి. వాన వెలిసిన పూట కూడా మంచిదే. తడిగడ్డి మీద కంటే బస్సు తిరిగే దారి మీదే పడుకోవడానికి ఇష్టపడతాయి. అప్పుడు డ్రైవరు హారన్ కొట్టకుండా ఇంజను మెల్లగా మోగనిస్తూ అవి లేచేదాకా ఆగాలి. ఆ ఐదు నిమిషాలకి ఎంత డబ్బిచ్చినా తక్కువే.

తిండి సంగతి ఆడవాళ్లు ముందురోజు నుంచే చూసుకునేవాళ్లు. పదిమందికి కిలో పాత బియ్యంతో పులిహోర. దానికి 125 గ్రాముల చింతపండు, 150 గ్రాముల నువ్వులనూనె, గుప్పెడు వేరుశనగ గుళ్లు, పదిహేను పచ్చిమిరపకాయలు, పది ఎండుమిరపకాయలు, కరివేపాకు మాత్రం లెక్కలేకుండా. అన్నం కాస్త పలుకు మీద ఉన్నప్పుడే వార్చి, బేసిన్‌లో పరిచి, వేడి మీదే పసుపూ రెండు గరిటెల నూనె పట్టించాలి, మెతుకు మెతుకుకి అంటకుండా. పులుసు కలిపాక పూర్తిగా చల్లారనివ్వాలి. ఎక్కువమంది దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. రైలు టైమైపోతోందని గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల ఆవిరి నీరై కారి మర్నాడు మధ్యాహ్నానికి వాసన వచ్చేసేది. దద్దోజనంలో పెరుగు కలిపి తీసుకెళ్తే పది గంటలకే పులిసిపోతుంది. అరకిలో బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక లీటరున్నర కాచిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగు మాత్రమే కలిపితే దారిలో తోడుకుని, భోజనం వేళకి కమ్మగా ఉంటుంది. నీళ్లు మరచెంబుల్లో. ప్లాస్టిక్ కూజాలు వచ్చాక అవీ చేరాయి.

తిండి విప్పే చోటు కూడా ముఖ్యమే. కోతుల కళ్లు సంచి ఆకారాన్నే పసిగడతాయి. చేతిలో వేలాడే వైరు బుట్టని లాక్కున్నంత తేలిగ్గా చంకన ఉన్న గుడ్డ సంచిని లాక్కోలేవు. జంతువులకి పెట్టడం మాత్రం ఎప్పుడూ తప్పే. జింకకి అరటిపండు తొక్క వేసినా, ఏనుగుకి కొబ్బరిచెక్క ఇచ్చినా పిల్లలు చప్పట్లు కొడతారు, నిజమే. కానీ తొక్కతో పాటు లోపలికి వెళ్లే ప్లాస్టిక్ కవరు జింక కడుపులో ఉండిపోయి దాన్ని చంపుతుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ప్రకారం జూలో జంతువులకి తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, గోల చేసి బెదరగొట్టడం నేరం. చట్టం గురించి తెలిసినా తెలియకపోయినా, "తప్పమ్మా, వాటి అన్నం వాటికుంది" అని పిల్లల చెయ్యి వెనక్కి లాగిన పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉండేవాళ్లు. వాళ్లకి దణ్ణం పెట్టాలి.

విశాఖకి కారులో వెళ్లేవాళ్లు స్టాండులో అంబాసిడర్ మాట్లాడుకునేవాళ్లు. ముందు సీట్లో డ్రైవరు కాక ఇద్దరు, వెనక నలుగురు పెద్దవాళ్లు, ఒళ్లో పిల్లలు. తొమ్మిదిమంది సర్దుకోవడం మామూలే. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే ఏలూరు, తణుకు దాటి, సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటేసరికి తెల్లారేది. రావులపాలెంలో అరటిగెల, కడియపులంకలో పూలమొక్కలు, అన్నవరంలో ఆగి ఆకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం. ఆ పొట్లం విప్పగానే వేడి నెయ్యి, యాలకులు, అడ్డాకు మూడూ కలిసి కొట్టే వాసన ఇంకెక్కడా రాదు. ఆ రోజు సాయంత్రం సింహాచలం, మర్నాడు పొద్దున జూ. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లదీ ఇదే పద్ధతి, ఎందుకంటే అది విశాఖ చేరేసరికే మధ్యాహ్నం. ఆర్టీసీ బస్‌స్టాండు కాంప్లెక్స్ నుంచి మధురవాడ వైపు వెళ్లే సిటీ బస్సులు జూ గేటు ముందు నుంచే పోతాయి.

పెట్రోలు అంబాసిడర్‌తో జూ లోపల ఒక ఇబ్బంది ఉండేది. హైవే మీద మూడొందల కిలోమీటర్లు హాయిగా లాగిన బండి, లోపల అరగంట ఫస్ట్ గేరులో పాకగానే ఆగిపోయేది. ఫ్యాను తిరిగేది ఇంజనుకి కట్టిన బెల్టుతో. ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే, ఎదురుగాలీ ఉండదు. రేడియేటరు కాగుతుంది, ఇంజనుకి అతుక్కుని ఉన్న పెట్రోలు పంపూ కాగుతుంది. పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బురేటరుకి అందదు. తెలియని డ్రైవరు సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దింపేసేవాడు. తెలిసినవాడు బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి పంపు చుట్టూ చుట్టి, పదిహేను నిమిషాలు చెట్టు కింద ఆపేవాడు. రేడియేటరు మూత మాత్రం వేడి మీద విప్పకూడదు. మరిగిన నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ల డబ్బా, ఒక పాత తువ్వాలు, ఒక ఫ్యాను బెల్టు ఉంటే జూ అంతా నిశ్చింతగా తిరగొచ్చు. బండి ఆగిన ఆ పదిహేను నిమిషాల్లోనే పిల్లలు మిగతా జనం ఆగకుండా వెళ్లిపోయే జింకల ఆవరణని తీరిగ్గా చూసేవాళ్లు.

హైదరాబాదులో గేటు తెరవగానే జనమంతా ఎడమా కుడీ చూసుకుంటూ మొదట కనబడిన పక్షుల దగ్గర ఆగిపోతారు. ఆ టైములోనే సఫారీ కౌంటరుకి నేరుగా నడవాలి. పిల్లలు నెమలి నెమలి అని లాగినా సరే, నెమలి పన్నెండింటికైనా అక్కడే ఉంటుంది. మొదటి బస్సులోనో రెండో బస్సులోనో చోటు దొరికిందంటే ఆ రోజు పని సగం అయినట్టే.

సీట్ల విషయంలో డ్రైవరు వెనక వరసలో కిటికీ పక్క సీటుకి సాటి లేదు. డ్రైవరు కళ్లకే జంతువు ముందు పడుతుంది. ఆయన తల ఎటు తిప్పితే అటు చూస్తే చాలు. చివరి వరసలో కూర్చుంటే దుమ్ము, కుదుపులు, పైగా బస్సు ఆగేటప్పటికి జంతువు ముందు కిటికీల దగ్గరే ఉండిపోతుంది. చిన్నపిల్లల్ని కిటికీ వైపు కాకుండా లోపలి వైపు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. కిటికీలకి ఇనుప వల ఉన్నా చిన్న వేళ్లు అందులోంచి బయటికి వెళ్తాయి. సింహం దృష్టిలో బస్సంతా కలిపి ఒకటే పెద్ద ఆకారం. అందులోంచి ఒక చెయ్యో తలో విడిగా కదిలితేనే దానికి ఆసక్తి పుడుతుంది. కాపలావాళ్లు "చేతులు లోపల పెట్టుకోండమ్మా" అని పదిసార్లు చెప్పేది ఇందుకే.

రెండు గేట్ల దగ్గర జరిగేదంతా కళ్లారా చూడాల్సిందే. బస్సు మొదటి గేటు ముందు ఆగుతుంది. కాపలా మనిషి గేటు తెరుస్తాడు, బస్సు లోపలికి వెళ్లి మళ్లీ ఆగుతుంది. ముందు ఇంకో గేటు, వెనక ఇప్పుడే దాటిన గేటు, రెండు పక్కలా ఎత్తైన ఇనుప కంచె, దాని పైభాగం లోపలి వైపుకి వంచి ఉంటుంది, ఎక్కబోయిన జంతువు వెనక్కి పడేలా. వెనక గేటు మూసి గడియ పడిన చప్పుడు వినబడ్డాకే ముందు గేటు కదులుతుంది. రెండూ ఒకేసారి తెరిచి ఉండే క్షణం ఎప్పుడూ రాకూడదు. సఫారీ భద్రత అంతా ఈ ఒక్క సూత్రం మీదే ఉంది. ఆ అర నిమిషం పాటు అప్పటిదాకా అరిచి గోల పెట్టిన పిల్లలు కూడా నోరు మెదపరు. ఎవరో బాబాయి పాపని ఒళ్లోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంటాడు. ముందు గేటు తెరుచుకుంటుంది.

లోపల మొదట ఏమీ కనబడదు. ఎండుగడ్డి, తుమ్మచెట్లు, మట్టి దారి. సింహం రంగూ ఎండుగడ్డి రంగూ ఒకటే కాబట్టి దాన్ని వెతకాల్సింది రంగుతో కాదు, కదలికతో. ఈగల్ని తోలుకునే తోక చివర నల్లటి కుచ్చు, విదిలించే చెవి, ముందు ఇవే పట్టిస్తాయి. ఒకటి కనబడితే దాని చుట్టుపక్కల ఇంకో రెండు మూడు ఉంటాయి. బస్సు దగ్గరగా ఆగినప్పుడు దాని కళ్లలోకి చూడమని పిల్లలకి చెప్పాలి. ఇంట్లో పిల్లి కంటిపాప ఎండలో నిలువు గీతలా సన్నబడుతుంది. సింహానిది ఎంత ఎండలోనైనా గుండ్రంగానే ఉంటుంది, తేనె రంగు కంట్లో చిన్న నల్ల చుక్కగా. అది ఆవలించినప్పుడు పసుపు తిరిగిన కోరలు, గరుకు నాలుక మీద లోపలికి వంగిన ముళ్లు కనబడతాయి. మాంసాన్ని ఎముక మీద నుంచి గీరి తీసేది ఆ నాలుకే. గాలి ఇటు తిరిగితే ఘాటైన మూత్రం వాసన వస్తుంది. ముక్కు మూసుకోవద్దు, తమ హద్దుని అవి చెప్పుకునేది ఆ వాసనతోనే.

గిర్ సింహానికీ ఆఫ్రికా సింహానికీ తేడా కూడా అక్కడే చూపించవచ్చు. మన సింహానికి మెడ చుట్టూ జూలు పలచన, నెత్తి మీద చెవులు స్పష్టంగా కనబడతాయి, పొట్ట కింద పొడవునా చర్మం మడత వేలాడుతుంది. ఆఫ్రికా మగసింహానికి జూలు ఒత్తుగా చెవుల్ని కప్పేస్తుంది.

సింహాలు రోజులో దాదాపు ఇరవై గంటలు పడుకునే ఉంటాయి. బద్ధకం కాదు, ఒక్క ఊపున పరిగెత్తి వేటాడే జంతువు శక్తిని దాచుకునే పద్ధతే అది. అందుకే పదకొండు నుంచి మూడు దాకా బస్సెక్కడం వృథా. పొద్దున కుదరకపోతే మూడున్నర తర్వాతి బస్సు పట్టుకోవాలి. మాంసం పెట్టేది సాయంత్రం, రాత్రి ఉండే గదుల్లో. పగలంతా ఎక్కడ తిరిగినా అవి తమంతట తాము లోపలికి వచ్చేది ఆ ఆకలి వల్లే. నాలుగయ్యేసరికి ఆ గదుల తలుపుల వైపు ఒక్కొక్కటే చేరి అటూ ఇటూ తిరగడం మొదలుపెడతాయి. వారంలో ఒక రోజు మాంసం పెట్టరు, కడుపుకి విశ్రాంతి కోసం.

మధ్యాహ్నం ఎండలో ఏం చేయాలంటే, హైదరాబాదులో దానికి నిశాచర జంతువుల శాల ఉంది. 1982లో పెట్టారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. అక్కడ పగటిని రాత్రిగా, రాత్రిని పగలుగా మారుస్తారు. రాత్రంతా దీపాలు వెలిగించి, పగలు చీకటి చేస్తారు. దాంతో దేవాంగపిల్లి (లోరిస్), పునుగుపిల్లి, ముళ్లపంది మనం వెళ్లిన వేళకి మెలకువగా తిరుగుతుంటాయి. ఎండలోంచి లోపలికి వెళ్లినవాళ్లకి మొదట చీకటి తప్ప ఇంకేమీ కనబడదు. "ఏముందిరా ఇక్కడ" అంటూ వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. గోడ పక్కన నిలబడి ఐదు నిమిషాలు కళ్లని అలవాటు పడనిస్తే కొమ్మ మీద మెల్లగా పాకే దేవాంగపిల్లి పెద్ద కళ్లు దొరుకుతాయి. టార్చిలైటు, కెమెరా ఫ్లాష్ మాత్రం అక్కడ వాడకూడదు. ఆ తర్వాత భోజనం, నీడన ఓ కునుకు, చిన్న రైలు. రైలు ఎక్కించేటప్పుడు పిల్లలతో పాటు తాతయ్యల్ని కూడా ఎక్కించాలి. జూ ఎంత పెద్దదో వాళ్లకి తెలిసేది అప్పుడే.

ఫోటోల దగ్గర అందరికీ నిరాశే ఎదురయ్యేది, కారణం తెలిస్తే కొంత తప్పించుకోవచ్చు. అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాలో ఫిల్మ్ రోలుకి పన్నెండు ఫోటోలే. దాని షట్టరు వేగమూ తక్కువే. ఇంజను వణుకుతున్న బస్సులోంచి తీస్తే సింహం మసకగానే వస్తుంది. డ్రైవర్ని ఇంజను ఆపమని అడిగి, మోచేతులు సీటుకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కితే కొంత నయం. తర్వాత వచ్చిన హాట్‌షాట్‌లో ఫ్లాష్ ఉండేది, దాంతో ఇంకో తంటా. కిటికీ వల మీద ఫ్లాష్ పడి ఇనుప తీగలన్నీ తెల్లగా మెరిసి, వాటి వెనక సింహం చీకటి మచ్చగా మిగిలేది. ఫ్లాష్ వెయ్యకుండా, లెన్స్‌ని వల కంతకి పూర్తిగా ఆనించి తీయడమే మార్గం. వలకి మూరెడు దూరంలో పెట్టి తీసినవాళ్లకి మాత్రం ప్రతి ఫోటోలోనూ వలే మిగిలేది.

విశాఖ, తిరుపతి జూల గురించి చెప్పేటప్పుడు ఆ సర్కస్ సింహాల సంగతి వదిలిపెట్టలేం. సింహం, పులి, చిరుత, ఎలుగు, కోతి ఈ ఐదింటినీ ప్రదర్శనల్లో వాడకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలకి, పులులకి ఆశ్రయంగా పెట్టిన కేంద్రాల్లో విశాఖ, తిరుపతి జూలవి కూడా ఉన్నాయి. వాటిలో చాలా సింహాలు ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసిపోయినవి కాబట్టి వాటికి సంతానం కలగనివ్వలేదు. కొన్ని గోళ్లు పీకించుకుని వచ్చాయి, కొన్ని కాళ్లు బలహీనపడి వచ్చాయి. ఎన్నో ఏళ్లు పది అడుగుల బోనులో ఉన్న జంతువుకి తలుపు తెరిచి ఆవరణ చూపిస్తే వెంటనే పరిగెత్తదు. గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. రోజులు గడిచాక మట్టి మీద కాలు పెడుతుంది. మన ఊళ్ల డేరాల్లో స్టూలెక్కిన తరం సింహాలే అవి. అప్పుడు చప్పట్లు కొట్టిన పిల్లలు పెద్దవాళ్లై తమ పిల్లల్ని ఆ జూలకి తీసుకెళ్లినప్పుడు ఈ మాట తప్పకుండా చెప్పాలి.

తిరుగు ప్రయాణానికి హైదరాబాదులో సాయంత్రం ఐదుకి జూ బయటపడితే బహదూర్‌పురా నుంచి సికింద్రాబాదుకి గంటన్నర పెట్టుకోవాలి, పాతబస్తీ రద్దీ ఆ వేళకి మొదలవుతుంది. రాత్రి రైల్లో పిల్లలకి కింది బెర్తులు, వాళ్ల కాళ్లకి కాస్త కొబ్బరినూనె. ఇంటికొచ్చాక ఫిల్మ్ రోలుని డబ్బాలో వదిలేయకుండా ఆ వారంలోనే స్టూడియోలో ఇవ్వాలి. మన ఊళ్ల వేడికి కడగని రోలు రంగు మారిపోతుంది.

ఆ ఫోటోలు ఇప్పటికీ చాలా ఇళ్లలో బీరువా పై అరలో ఉన్నాయి. మసకగా ఉన్నా, వల గీతలు పడినా పారేయకండి. జిగురు అట్టల ఆల్బమ్‌లో ఉంటే ఆ జిగురు ప్రింటుని పసుపు చేస్తుంది. అట్టకీ ప్రింటుకీ మధ్య సన్నటి దారం పోనిచ్చి మెల్లగా విడదీయండి, గట్టిగా లాగితే పొర లేచిపోతుంది. విడదీసిన వాటిని ఆమ్లం లేని (యాసిడ్ ఫ్రీ) కాగితం కవర్లలో పెట్టండి. వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీత తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో ఏ ఊరి జూ, ఏ ఏడు, ఎవరి ఒళ్లో ఎవరున్నారు అని రాసి పెట్టండి. పేర్లు చెప్పగలిగిన అమ్మమ్మలు, బాబాయిలు ఉండగానే అడిగి రాయించుకోండి.